చంద్రుడి పేరు చెప్పి చేతులు దులుపుకోకండి

సముద్రానికి పోటు ఎందుకు వస్తుందని హైస్కూలు పిల్లల్ని ఎవరినైనా అడిగి చూడండి. చంద్రుడి ఆకర్షణ వల్ల అని టక్కున చెబుతారు. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు సరే, అవతలి వైపున కూడా అదే వేళకు పోటు ఎందుకుంటుంది అంటే, భూమి తిరుగుతోంది కదా, ఆ అపకేంద్ర బలం వల్ల అంటారు. పక్కనే ఒక బొమ్మ గీస్తారు. మధ్యలో భూమి, రెండు వైపులా ఉబ్బిన నీటి పొర, కుడిపక్కన చంద్రుడు. ఆ ఉబ్బులు చంద్రుడికేసి చూస్తూ నిలబడి ఉంటాయని, వాటి కింద భూమి తిరుగుతుంటే రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయని రాస్తారు. మార్కులన్నీ పడతాయి.

ఆ బొమ్మలోని సముద్రం భూమ్మీద ఎక్కడా లేదు. ఈ సంగతి శాస్త్రానికి 1770ల నుంచీ తెలుసు. రెండున్నర శతాబ్దాలుగా చాలదని తేలిపోయిన బొమ్మను, దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న చోట, రోజూ పోటూ పాటూ చూసుకుని బతికే ఊళ్ల పిల్లలకు, ఇదే సత్యం అని చెబుతున్నాం. దీన్ని చిన్న సరళీకరణగా నేను ఒప్పుకోలేను. పిల్లవాడు తన కళ్లతో చూసే సముద్రాన్ని నమ్మకుండా పుస్తకాన్ని నమ్మేలా చేసే పని ఇది. చదువు చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే.

మన పడమటి తీరాన్నే తీసుకోండి. కొచ్చిలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒక మీటరు. ముంబైలో నాలుగైదు మీటర్లు. ఖంభాత్ సింధుశాఖలోకి వెళ్లి భావ్‌నగర్ చేరితే పది మీటర్ల పైమాట. మూడు చోట్లా పైనున్నది ఒకే చంద్రుడు. ముంబైకీ భావ్‌నగర్‌కూ రేఖాంశంలో ఒక డిగ్రీ తేడా కూడా లేదు. తూర్పు తీరంలో చెన్నై దగ్గర ఒక మీటరు ఉన్న తేడా, విశాఖ దగ్గర మీటరున్నరకు దగ్గరగా వచ్చి, హుగ్లీ మొగ దగ్గర నాలుగైదు మీటర్లు అవుతుంది. రెండు ఉబ్బుల బొమ్మ దీనికి ఏం జవాబు చెబుతుంది? ఏమీ చెప్పదు. అసలు నడిసముద్రంలో చంద్రుడు ఒక్కడే ఎత్తగల తేడా, లెక్క ప్రకారం, అర మీటరు పైచిలుకు. మిగిలిన తొమ్మిదిన్నర మీటర్లూ భావ్‌నగర్‌కు ఎక్కడి నుంచి వచ్చాయి?

పోటుపాట్ల చరిత్ర అంతా ఈ ప్రశ్న చరిత్రే అని నా వాదన. కారణం ఎవరు అన్న ప్రశ్న ఎప్పుడూ పెద్ద రహస్యం కాదు. ఆ కారణానికి నీళ్లు ఎలా స్పందిస్తాయి అన్నదే అసలు కథ. మన పాఠాలు మొదటి ప్రశ్న దగ్గరే పుస్తకం మూసేస్తాయి.

చంద్రుడికీ పోటుకీ సంబంధం ఉందని చెప్పడానికి మనిషికి శాస్త్రవేత్త అవసరం పడలేదు. తీరంలో వల వేసే ఏ కుటుంబానికైనా ఇది తెలుసు. తిథి చూసి లెక్క కడతారు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది, అష్టమి రోజుల్లో చిన్నది, రోజు రోజుకీ పోటు వేళ సుమారు రెండు ఘడియలు వెనక్కి జరుగుతుంది. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. ఖగోళ లెక్క చెప్పే సగటు సుమారు 50. మొగ దాటి పడవ బయటికి పోవాలన్నా, ఉప్పుటేరులోకి తిరిగి రావాలన్నా ఈ లెక్క తప్పితే పడవ ఇసుక మేటలో కూరుకుపోతుంది. అందుకే వాళ్లకు తెలుసు.

తెలియనివాళ్లు ఎవరంటే, పోటు లేని సముద్రం పక్కన పెరిగినవాళ్లు. మధ్యధరా సముద్రంలో పోటుపాట్లు చాలా చోట్ల కంటికి ఆనవు. అక్కడి నుంచి వచ్చిన అలెగ్జాండరు సైన్యం క్రీ.పూ. 325లో సింధునది మొగ దగ్గర పాటు తీయగానే ఓడలు బురద మీద ఒరిగిపోవడం చూసి బిత్తరపోయింది. ఇంచుమించు అదే కాలంలో మస్సిలియా గ్రీకు నావికుడు పిథియాస్ అట్లాంటిక్‌లోకి, బ్రిటన్ దాకా వెళ్లి, పోటుకు చంద్రుడితో లంకె ఉందని గుర్తించాడు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో సెల్యూకస్ అనే ఖగోళవేత్త మన అరేబియా సముద్రం వైపు నీళ్లలో ఒకే రోజు వచ్చే రెండు పోట్లు సమానంగా ఉండకపోవడాన్ని, ఆ తేడా ఆకాశంలో చంద్రుడి స్థానాన్ని బట్టి మారడాన్ని పట్టుకున్నాడు. గ్రీకు తత్త్వవేత్త పొసిడోనియస్ స్పెయిన్‌లోని గాడెస్ రేవుకు పోయి, రోజువారీ లయ, నెలవారీ లయ రెండూ వేరువేరుగా వర్ణించాడు. అంటే రెండు వేల ఏళ్ల కిందటే చంద్రుడి పేరు ఖాతాలో రాసేశారు.

ఇక్కడ మనవాళ్లు కొందరు చేతులెత్తుతారు. ఇదంతా మా పురాణాల్లో ఉందండీ అంటారు. ఉంది. విష్ణుపురాణంలో సముద్రజలం చంద్రుడి వృద్ధిక్షయాలతో పెరిగి తరుగుతుందని, మొత్తం నీటి పరిమాణం మాత్రం మారదని, వేడికి పాత్రలో నీళ్లు పొంగినట్టు పొంగుతుందని ఉంది. ఆ ఎత్తును అంగుళాల్లో కూడా చెప్పారు, 510 అని. నీటి మొత్తం మారదన్న గమనింపు నిజంగా మెచ్చదగ్గది. కానీ అన్ని సముద్రాలకూ ఒకే 510 అంగుళాలు! ఏ తీరంలో, ఏ రేవులో కొలిచారు? కొలిచిన మనిషి ఆ వాక్యంలో లేడు. అదే దేశంలో, భరుకచ్ఛం దగ్గర నర్మద మొగలో, స్థానిక జాలరులు రాజు కొలువులో మార్గదర్శకులుగా ఉండి, పెద్ద పడవల్లో ఎదురెళ్లి విదేశీ ఓడల్ని పోటు మీద లోపలికి లాగి, పాటు వేళ లోతైన మడుగుల్లో లంగరు వేయించేవారని ఒకటో శతాబ్దపు గ్రీకు నావిక గ్రంథం పెరిప్లస్ వివరంగా చెబుతుంది. ఆ జాలరికి ఏ మేట మీద ఏ తిథికి ఎంత నీరు నిలుస్తుందో తెలుసు. తెలియకపోతే ఓడ మునుగుతుంది. ఆ తెలివిని మన పండితుడు అడిగి తాటాకు మీదికి ఎక్కించుకుని ఉంటే మనకు ప్రపంచంలోనే తొలి పోటు పట్టిక ఉండేదేమో. అడగలేదు. గ్రంథం రాసేవాడు తెడ్డు పట్టలేదు, తెడ్డు పట్టేవాణ్ణి గ్రంథం దగ్గరికి రానివ్వలేదు. పూర్వీకుల ఘనత పాడేవాళ్లు ముందు ఈ నష్టం గురించి మాట్లాడాలి.

ఇంగ్లండులో బీడ్ అనే సన్యాసి 725లో రాసిన కాలగణన గ్రంథంలో ఒక మాట ఉంది, నా లెక్కలో అది న్యూటన్ సూత్రానికి తీసిపోదు. ఒకే తీరంలో ఉన్నా, ఒక్కో రేవుకు పోటు వేళ ఒక్కోటి, ఆ రేవులో చంద్రుడితో ఉండే ఎడం మాత్రం స్థిరం అని ఆయన చెప్పాడు. ఉత్తరాన ఉన్నవాళ్లకు పోటు ముందొస్తుంది, దక్షిణాన ఉన్నవాళ్లకు తర్వాత. అంటే పోటు తీరం వెంబడి నడుస్తోంది. ఆకాశం కేసి నిలబడిన ఉబ్బు నడవదు కదా! ఎనిమిదో శతాబ్దంలో మఠంలో కూర్చున్న సన్యాసికి ఈ విషయం తెలిసింది. మన ఇరవై ఒకటో శతాబ్దపు పాఠంలో లేదు.

ఇక గెలీలియో దగ్గరికి వస్తాను. ఈ కథలో ఆయన పాత్రను మనం పిల్లలకు పూర్తిగా దాచిపెట్టాం. దాచడం ఆయనకూ అన్యాయమే. 1632లో అచ్చయిన ఆయన సంభాషణల గ్రంథం, మతగురువుల విచారణకు దారితీసిన గ్రంథం, నాలుగు రోజుల సంభాషణ. నాలుగో రోజంతా పోటుపాట్ల గురించే. అసలు పుస్తకానికి పేరే పోటుపాట్ల మీద పెట్టాలనుకున్నాడు, రోమ్ ఒప్పుకోలేదు. భూమి తిరుగుతోందనడానికి సముద్రమే తన సాక్షి అని ఆయన నమ్మకం. వెనిస్‌కు మంచినీళ్లు మోసే పడవ వేగం మారినప్పుడల్లా అందులో నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతాయి, అలాగే భూమి తన చుట్టూ తాను తిరిగే వేగమూ సూర్యుడి చుట్టూ తిరిగే వేగమూ ఒక పక్క కలిసి, ఒక పక్క ఎదురై, సముద్రాన్ని ఊపుతున్నాయి అన్నాడు. చంద్రుడి ఆకర్షణకు ఇందులో పని లేదు. నీళ్ల మీద చంద్రుడి ఆధిపత్యం అంటే అది జ్యోతిష్కుల మాట. అప్పటికి ఐరోపాకు పోటుపాట్ల పాఠం చెప్పిన పెద్ద పుస్తకాల్లో ఒకటి తొమ్మిదో శతాబ్దపు అబూ మఅషర్ అనే జ్యోతిష్కుడిది కూడా. కెప్లర్ 1609లోనే చంద్రుడు నీళ్లను లాగుతాడని స్పష్టంగా రాస్తే, అంతటివాడు ఇలాంటి నిగూఢ శక్తుల్ని నమ్మాడేమిటని గెలీలియో పేరు పెట్టి మరీ మందలించాడు.

గెలీలియో సిద్ధాంతం ప్రకారం రోజుకు ఒకే పోటు రావాలి. ఆయన ఎరిగిన వెనిస్‌లో రెండు వచ్చేవి. పోటు వేళ రోజు రోజుకీ చంద్రుడితో పాటే వెనక్కి జరగడం నావికులందరికీ తెలుసు. తన వాదం గెలవాలన్న తపనలో ఆ నావికుల మాటను ఆయన పక్కకు నెట్టాడు. ఇది తప్పు, పెద్ద తప్పు. పాఠాల్లో ఉండాల్సిన తప్పు. భూమి తిరుగుతోందన్న విషయంలో సరైనవాడు, దానికి ఇచ్చిన సాక్ష్యంలో తప్పు చేయగలడని పిల్లలకు తెలియాలి.

అయితే అదే నాలుగో రోజు సంభాషణలో, చరిత్రకారులు గమనించినా పాఠకులకు చేరని ఒక మెరుపు ఉంది. వెనిస్‌లో రెండు పోట్లు ఎందుకని తనను తానే ప్రశ్నించుకుని, గెలీలియో ఇలా జవాబు వెతికాడు: ప్రతి జలాశయానికీ దాని పొడవును బట్టి, లోతును బట్టి, ఊగే కాలం ఒకటి ఉంటుంది, బయటి కారణం ఏదైనా నీళ్లు తమ లయలో ఊగుతాయి. కారణం విషయంలో పూర్తిగా దారి తప్పిన మనిషి, స్పందన విషయంలో అందరికంటే ముందు సరైన ప్రశ్న వేశాడు. ఖంభాత్‌కూ కొచ్చికీ తేడా ఎందుకన్న ప్రశ్నకు తలుపు అక్కడ తెరుచుకుంది. కెప్లర్ దోషిని పట్టాడు, గెలీలియో నీళ్ల స్వభావం అడిగాడు. ఈ ఇద్దర్నీ కలపడానికి ఇంకో నూట నలభై ఏళ్లు పట్టింది.

న్యూటన్ 1687లో ఏం చేశాడో ముందు సరిగ్గా చెప్పుకుందాం. చంద్రుడు భూమిని అంతటినీ లాగుతాడు, కానీ దగ్గరి వైపును కాస్త ఎక్కువగా, కేంద్రాన్ని ఒక మోస్తరుగా, దూరపు వైపును కాస్త తక్కువగా. ఈ తేడాయే పోటును పుట్టించే బలం. దగ్గరి నీరు భూమికంటే ముందుకు పోతుంది, దూరపు నీరు వెనకబడుతుంది. అందుకే రెండు వైపులా. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల వచ్చే అపకేంద్ర బలానికీ రెండో ఉబ్బుకూ సంబంధం లేదు. భూభ్రమణం వల్ల పుట్టే ఉబ్బు భూమధ్యరేఖ చుట్టూ ఒకేలా ఉంటుంది, చంద్రుడు ఎక్కడున్నాడో దానికి పట్టదు. కాబట్టి ఆ వాక్యం రాసే పాఠం న్యూటన్‌ను కూడా సరిగా చెప్పడం లేదు.

ఆ బలం ఎంతటిదో తెలుసా? భూమి మన మీద చూపే ఆకర్షణలో సుమారు కోటిలో ఒక వంతు. చంద్రుడు నెత్తి మీద ఉన్నప్పుడు 60 కిలోల మనిషి బరువులో తగ్గేది ఏడు మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇంత అల్పమైన బలం సముద్రాన్ని పైకెత్తుతుందని పిల్లలకు ఎలా చెబుతున్నాం? ఎత్తదు. 1740లో పారిస్ అకాడమీ పోటుపాట్ల మీద ఇచ్చిన బహుమతిని గెలిచిన నలుగురిలో ఒకడైన ఆయిలర్ అసలు సంగతి చెప్పాడు: లెక్కలోకి వచ్చేది పైకి లాగే బలం కాదు, నీటిని అడ్డంగా జరిపే బలం. పైకి లాగే బలానికి భూమి బరువు అడ్డం నిలుస్తుంది. అడ్డంగా నెట్టే బలానికి అడ్డు ఏమీ లేదు, వేల కిలోమీటర్ల పొడవునా అది కొద్దికొద్దిగా నీటిని జరుపుతూ పోతుంది. ఆ నలుగురిలో ఇంకొకాయన, జెసూట్ మతగురువు కవల్లెరి, అప్పటికీ డెకార్ట్ చెప్పిన, ఆకర్షణ బదులు ఆకాశపు సుడులే అన్నిటినీ తోస్తాయన్న సిద్ధాంతాన్నే పట్టుకుని రాశాడు. న్యూటన్ పుస్తకం వచ్చి యాభై ఏళ్లు దాటాక కూడా అకాడమీ ఇద్దరికీ బహుమతి ఇచ్చిందంటే శాస్త్రం ఎంత నెమ్మదిగా పక్క మారుతుందో చూడండి.

న్యూటన్‌కు తన ఉబ్బు చాలదని తెలుసు. ఇది ముఖ్యం. ఈస్టిండియా కంపెనీ నావికుడు ఫ్రాన్సిస్ డావెన్‌పోర్ట్ టోంకిన్ సింధుశాఖలో, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాంలో, రోజుకు ఒకే పోటు వస్తోందని, నెలలో కొన్ని రోజులు దాదాపు ఏ కదలికా ఉండటం లేదని రాసి పంపాడు. ఖగోళవేత్త హాలీ దాన్ని 1684లో ప్రచురించాడు. ఆ కొలత తన ముందుకు రాగానే న్యూటన్ దాన్ని దాచలేదు. రెండు వేరు దారుల్లో, ఒకటి చైనా సముద్రం నుంచీ, ఒకటి హిందూ మహాసముద్రం నుంచీ వచ్చే పోట్లు ఆరు గంటల ఎడంతో అక్కడ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని వివరించాడు. అలలు ఒకదాని మీద ఒకటి పడి రద్దవడం! నిలబడిన ఉబ్బు కాదిది, ప్రయాణించే తరంగం. న్యూటన్ పేరు మీద మనం పిల్లలకు చూపే బొమ్మను, న్యూటనే ఒక నావికుడి కొలత ముందు వదిలిపెట్టాల్సి వచ్చింది.

ఆ బొమ్మను పూర్తిగా కూల్చింది ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్. 1775, 76ల్లో ఆయన రాసిన సమీకరణాలు ఈనాటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి. నీళ్లు కదులుతాయి, కదలడానికి వాటికి సమయం పడుతుంది, కదిలే నీటిని భూమి తిరుగుడు పక్కకు మళ్లిస్తుంది. ఈ మూడూ కలిపి లెక్క వేశాడు. ఇక్కడ ఒక చిన్న లెక్క మీరూ చేయొచ్చు. నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో పోటు తరంగం గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోగలదు. అంతకు మించి పోలేదు. భూమధ్యరేఖ మీద చంద్రుడి కింది బిందువు గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ ఉబ్బు చంద్రుడి వెంట పరుగెత్తాలంటే సముద్రం సుమారు 20 కిలోమీటర్ల లోతుండాలి. ప్రపంచంలోకెల్లా లోతైన మరియానా అగాధమే 11 కిలోమీటర్లు. కాబట్టి ఉబ్బు చంద్రుణ్ణి అందుకోలేదు. పైగా దారికి అడ్డంగా ఖండాలున్నాయి. 1845లో ఇంగ్లిషు ఖగోళవేత్త ఎయిరీ భూమధ్యరేఖ చుట్టూ కాలువ ఉన్నట్టు ఊహించి లెక్క కడితే, మన సముద్రాలంత లోతు నీటిలో చంద్రుడి కింద ఉండేది పోటు కాదు, పాటు అని తేలింది. చంద్రుడి కింద నీరు అణగుతుందని 1644లో డెకార్ట్ తప్పుడు కారణంతో చెప్పిన మాట అది!

మరి నిజంగా ఏం జరుగుతుంది? ప్రతి సముద్రమూ తన పొడవు, లోతు, ఒడ్ల వంపును బట్టి తన లయలో ఊగుతుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గ వేళకు వేలితో తాకినా అది ఎత్తుకు ఎగురుతుంది, వేళ తప్పితే ఎంత తోసినా ఆగిపోతుంది. చంద్రుడి తోపు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి. కెనడాలోని ఫండీ అఖాతం సహజంగా ఊగే కాలం దానికి చాలా దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ 16 మీటర్ల దాకా తేడా వస్తుంది. ఖంభాత్‌లో ఇదీ, లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే ఆకారమూ రెండూ కలిశాయి. మధ్యధరాకు ఆ లయ కుదరదు, బయటి సముద్రానికి దారి సన్నం, అందుకే గ్రీకులకు పోటు తెలియలేదు. నడిసముద్రంలో పోటు తరంగం కొన్ని బిందువుల చుట్టూ తిరుగుతుంది, ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా గడియారానికి ఎదురు దిశలో. ఆ బిందువు దగ్గర నీరు పెరగదు, తరగదు. దాన్ని తాకుతూ బయటికి పోయే గీతల మీద ఒకే వేళకు పోటు. ప్రపంచ పటం మీద ఈ చక్రాల్ని చూసిన పిల్లవాడు రెండు ఉబ్బుల బొమ్మను మళ్లీ నమ్మలేడు. అంత అందమైన పటం అది. దాన్ని పిల్లల నుంచి దాచడం నాకు భరించరాని విషయం.

ఈ పటం ఎవరు గీశారు? ఇక్కడే మన చరిత్ర పాఠం రెండో అన్యాయం చేస్తుంది. మహానుభావుల వరస చెప్పి ఊరుకుంటుంది. లివర్‌పూల్ రేవు అధికారి విలియం హచిన్సన్, చదువుకన్నా సముద్రం ఎక్కువ తెలిసిన మాజీ నావికుడు, 1764 నుంచి 1793 దాకా పోటు వేళనూ ఎత్తునూ రాస్తూ వచ్చాడు. పగలూ రాత్రీ, దాదాపు ముప్ఫై ఏళ్లు. లండన్ రేవు కొలతల్ని కూర్చి లెక్కలు కట్టింది డెస్సియూ అనే గుమాస్తా, పేరొచ్చింది ఆ పని చేయించిన శాస్త్రవేత్త లబ్బక్‌కు. 1835 జూన్‌లో విలియం హ్యూవెల్ ప్రపంచాన్నే కదిలించి, తొమ్మిది దేశాల్లో దాదాపు 650 చోట్ల ఒకే రోజుల్లో పోటు కొలిపించాడు. కొలిచినవాళ్లు తీర రక్షకులు, రేవు సిబ్బంది, నావికులు. ఆ కొలతల్ని బట్టి ఉత్తర సముద్రంలో పోటే లేని చోటు ఒకటి ఉండాలని హ్యూవెల్ ఊహించాడు. 1840లో కెప్టెన్ హ్యూవెట్ ఓడ లంగరు దించి అక్కడ లోతు కొలిచి అది నిజమని చూపాడు. అదే ఏడాది నవంబరు తుఫానులో ఓడతో, సిబ్బందితో సహా మునిగిపోయాడు. ఆ కొలత ఖరీదు అది.

కొలతలు మన దగ్గరా జరిగాయి. కెల్విన్ 1867 నుంచి పోటును అనేక లయల మొత్తంగా విడదీసే పద్ధతి తయారుచేసి, 1872లో ఆ లయల్ని కప్పీలూ తీగలతో కలిపి ముందుగా చెప్పే యంత్రం చేయించాడు. చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ ఆ లయలకు పెట్టిన పేర్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 1873లో సర్వే ఆఫ్ ఇండియా తరఫున బెయిర్డ్ అనే సైనిక ఇంజనీరు కచ్ సింధుశాఖలో, భూమి సముద్రంతో పోలిస్తే కుంగుతోందా లేస్తోందా అని తేల్చడానికి పోటు కొలిచే గేజీలు పెట్టాడు. 1877 నుంచి ఆ పని దేశం రేవులన్నిటికీ పాకింది. 19వ శతాబ్దం ముగిసేలోపే విశాఖపట్నంలోనూ కాకినాడలోనూ గేజీలు నడిచాయి. భారత రేవుల కోసమే 1879లో లండన్‌లో రాబర్ట్స్ ఒక ప్రత్యేక యంత్రం కట్టాడు. అంటే మన రేవు నీరు ఎన్ని గంటలకు ఎంత పొంగుతుందో కొలిచింది ఇక్కడ, లెక్క కట్టింది అక్కడ, పట్టికలు కొనుక్కున్నది మళ్లీ ఇక్కడ. వలస పాలన అంటే అదే. కాకినాడ గేజీ దగ్గర కూర్చుని ఎండలో వానలో కాగితం మార్చి గడియారం సరిచూసిన మనిషి మన పాఠ్యపుస్తకాల్లో లేడు. చెట్టు కింద యాపిల్ మాత్రం ఉంది.

ఆ తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1921లో లివర్‌పూల్‌లో డూడ్సన్ దాదాపు నాలుగు వందల లయల్ని లెక్కించాడు. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు ఏ గంటకు దిగాలో ఆయన పట్టికలే చెప్పాయి. 1992 నుంచి టోపెక్స్ ఉపగ్రహం నడిసముద్రపు పోటును పైనుంచి కొలిచింది. పోటు శక్తి అంతా లోతులేని తీర సముద్రాల్లోనే అరిగిపోతుందని 1920ల నుంచి నమ్మిన మాట, ఆ కొలతల్తో 2000లో మారింది, పావు వంతుకు పైగా నడిసముద్రంలోనే, అడుగున ఉన్న కొండల్ని ఒరుసుకుంటూ ఖర్చవుతోందని తేలింది. తీరంలోనూ నడిసముద్రంలోనూ జరిగే ఈ మొత్తం ఒరిపిడి వల్లే భూమి తిరుగుడు మందగిస్తోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఈ శాస్త్రం ఇంకా కదులుతోంది, న్యూటన్ దగ్గర ఆగలేదు.

పిల్లలకు ఇంత కష్టమైనది ఎందుకు అని ఉపాధ్యాయులే అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల చేతికిచ్చిన పుస్తకం మీద ఉంది. లాప్లాస్ సమీకరణాలు చెప్పమని ఎవరూ అడగడం లేదు. డెహ్రాడూన్ నుంచి సర్వే ఆఫ్ ఇండియా ఏటా భారత పోటుపాట్ల పట్టికలు అచ్చు వేస్తుంది. హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ ఉంది, సముద్ర సమాచారానికి దేశం మొత్తానికీ కేంద్రం అది. ఆ పట్టికలో ఒక వారం అంకెలు చెన్నైకి, విశాఖకు, పారాదీప్‌కు, భావ్‌నగర్‌కు తీసి పక్కపక్కన రాస్తే చాలు. పక్కనే చంద్రుడు నడినెత్తికి వచ్చే వేళ రాయాలి. ఎనిమిదో తరగతి పిల్లలు తమంతట తామే అడుగుతారు: చంద్రుడు నడినెత్తికి వచ్చిన వేళకూ పోటు వేళకూ ఎడం ఎందుకుంది? అమావాస్య పోటు అమావాస్య దాటాక ఎందుకు పెద్దదవుతుంది? భావ్‌నగర్‌కు ఏమైంది? లాప్లాస్ తన బ్రెస్ట్ రేవు కొలతల్లో ఈ రెండో ప్రశ్ననే, సుమారు ఒకటిన్నర రోజు జాప్యాన్నే, చూసి తల పట్టుకున్నాడు. తీరప్రాంతపు బడిలో అయితే పట్టిక కూడా అక్కర్లేదు, రేవు మెట్ల మీద అంకెలు వేసిన ఒక కర్ర, గడియారం ఉన్న ఒక పిల్ల చాలు.

ఇది మార్కుల సమస్య మాత్రమే అనుకునేవాళ్లు దివిసీమను తలచుకోవాలి. 1977 నవంబరు 19న ఊళ్లను మింగింది ఉప్పెన. గాలీ వాయుపీడనమూ తోసిన నీరు అది, చంద్రుడి పని కాదు. 2004 డిసెంబరు 26న వచ్చింది సునామీ, సముద్రగర్భంలో భూకంపం తోసిన నీరు, అదీ చంద్రుడి పని కాదు. అయినా ఆ నీటి గోడను పోటు అల అని రాసిన పత్రికలున్నాయి. ఉప్పెన ఎత్తు పోటు ఎత్తు మీద కూర్చుంటుంది. తుఫాను తీరం దాటే గంట పోటు గంటా, పాటు గంటా అన్నదాన్ని బట్టి, హుగ్లీ లాంటి చోట నీరు చేరే మట్టంలో నాలుగు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఒక ఇల్లు మునగడానికీ మిగలడానికీ మధ్య ఉండే తేడా అది. రెండు ఉబ్బుల బొమ్మ మాత్రమే తెలిసిన యువకుడు రేపు తహసీల్దారు అవుతాడు, విలేకరి అవుతాడు, తుఫాను హెచ్చరిక చదివి ఊరికి చెప్పాల్సినవాడు అవుతాడు. పోటు వేళ తన రేవుకు వేరు, పక్క రేవుకు వేరు అని అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుకని పుస్తకాలు రాసే సంఘాల్లో కూర్చున్నవాళ్లను సూటిగా అడుగుతున్నాను. ఈ పాఠం మళ్లీ అచ్చుకు వెళ్లినప్పుడు అపకేంద్ర బలం వాక్యం కొట్టేయండి. రెండు ఉబ్బుల బొమ్మ ఉంచదలిస్తే, ఇది 1687 నాటి మొదటి ఊహ అని దాని కింద రాయండి. ఎదుటి పేజీలో పోటు చక్రాల ప్రపంచ పటం వేయండి, బంగాళాఖాతాన్ని పెద్దది చేసి చూపండి. గెలీలియో తప్పును ఆయన పేరుతోనే చెప్పండి. హచిన్సన్‌కూ, డావెన్‌పోర్ట్‌కూ, భరుకచ్ఛం జాలరికీ, కాకినాడ గేజీ గుమాస్తాకూ తలా ఒక వాక్యం ఇవ్వండి. నాలుగు మార్కుల ప్రశ్న కూడా మార్చండి: పోటు ఎందుకు వస్తుంది అని అడగడం మానేసి, కొచ్చిలో ఒక మీటరు ఉన్న తేడా భావ్‌నగర్‌లో పది మీటర్లు ఎలా అయిందో రాయమనండి.